తెలిసిన మాటలతోనే తంటా: మన వాడుకలోకి వచ్చిన దర్శన పరిభాష

(ఒక పఠన బృందం సాయంత్రపు సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

దర్శనాలు, అంటే న్యాయం, సాంఖ్యం, వేదాంతం లాంటి మన తత్త్వశాస్త్రాలు. వాటి గ్రంథాల పరిభాష గురించి మాట్లాడమన్నారు. పరిభాష అనగానే అవచ్ఛేదకం, అనుయోగి, ప్రతియోగి లాంటి మాటలు గుర్తొచ్చి చాలామంది టెన్షన్ పడతారు. నిజానికి వాటితో పెద్ద ప్రమాదం లేదు. తెలియని మాట ఎదురైతే ఆగుతాం, నిఘంటువు తీస్తాం, తెలిసినవాళ్ళని అడుగుతాం. మనల్ని దారి తప్పించేవి వేరే ఉన్నాయి. అనుమానం, పదార్థం, స్నేహం, ఉపాధి, ప్రమాణం, ప్రతిజ్ఞ, అభిమానం, ప్రపంచం. ఇవన్నీ పొద్దున లేచిన దగ్గర్నుంచి వాడుకునే మాటలే. అందుకే వాటి దగ్గర ఆగం. వాడుకలో ఉన్న అర్థం పెట్టుకునే చదివేస్తాం. పేజీ తిరిగేసరికి గ్రంథకర్త ఒక వీధిలో, మనం ఇంకో వీధిలో ఉంటాం.

ఇంగ్లీషులో చదివేవాడికి ఈ బాధ తక్కువ. వాడికి అన్నీ కొత్త మాటలే కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుతాడు. సంస్కృతం మాటలు సగం ఇంట్లోనే ఉన్న మనకే జాగ్రత్త తక్కువ.

న్యాయ వైశేషిక దర్శనాలకి తొలి పుస్తకంగా చదివే తర్కసంగ్రహంతో మొదలుపెడతాను. రాసినవాడు అన్నంభట్టు, 17వ శతాబ్దపు తెలుగువాడు. కాశీలో పేరు తెచ్చుకున్నాడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడు అని సంస్కృతంలో ఒక నానుడి కూడా ఉంది. పిల్లలకి సులువుగా తెలియడానికి ఈ పుస్తకం రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు. ఆ పిల్లలు ఎలాంటి పిల్లలో గానీ, ఇవాళ ఎం.ఏ. చదివినవాళ్ళు కూడా దాంతో కుస్తీ పడుతున్నారు. (నవ్వులు)

పుస్తకం తెరవగానే పదార్థాలు ఏడు అంటాడు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. మనకి పదార్థం అంటే చేత్తో పట్టుకోగలిగిందో, నోట్లో వేసుకోగలిగిందో. పెళ్ళి భోజనంలో ఎన్ని పదార్థాలు వడ్డించారు అని అడుగుతాం. సైన్సు పుస్తకంలో ఘన, ద్రవ, వాయు పదార్థాలు చదువుకున్నాం. ఆ అలవాటుతో వెళితే ఏడోది చూసి బిత్తరపోతాం. అభావం, అంటే లేకపోవడం, పదార్థం ఎలా అవుతుంది? తార్కికుడి లెక్కలో పదార్థం అంటే పదానికి అర్థమైనది, మాటతో చెప్పగలిగినది. బల్ల మీద పుస్తకం లేదు అని మీరు చెప్పగలరు, ఆ మాట నిజం కావచ్చు, అబద్ధం కావచ్చు. కాబట్టి ఆ లేకపోవడానికి లెక్కలో చోటు ఇవ్వాల్సిందే. వైశేషిక దర్శనానికి మూలపురుషుడైన కణాదుడి సూత్రాల్లో ఉన్న జాబితా ఆరింటిదే. ఏడోదాన్ని తర్వాతివాళ్ళు గట్టిగా వాదించి నిలబెట్టారు.

అభావం మళ్ళీ నాలుగు రకాలు. కుమ్మరి చెయ్యకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం. గాలికి రంగు ఎప్పుడూ లేకపోవడం అత్యంతాభావం. కుండ బట్ట కాకపోవడం అన్యోన్యాభావం. మన పత్రికలు ప్రతి ఏడాదీ వర్షాభావ పరిస్థితులు అని రాస్తాయి. అది ఈ నాలుగింటిలో ఏ అభావం అని తార్కికుణ్ణి అడగకండి, రుతుపవనాలు వచ్చి వెళ్ళిపోయినా ఆయన జవాబు పూర్తి కాదు.

గుణాల జాబితా ఇంకా సరదాగా ఉంటుంది. గుణం అంటే మనకి మంచితనం, చెడ్డతనం. అన్నంభట్టు చెప్పిన 24 గుణాల్లో రంగు ఉంది, రుచి ఉంది, సంఖ్య ఉంది, రెండు వస్తువులు కలిసి ఉండటం ఉంది, విడిపోవడం ఉంది. స్నేహం కూడా ఉంది. ఇక్కడ మన తెలుగు చదువరి ముఖం వెలిగిపోతుంది, ఆహా, తర్కశాస్త్రంలో స్నేహానికి కూడా చోటిచ్చారు అనుకుంటాడు. లక్షణం, అంటే నిర్వచనం, చూస్తే, పొడిని ముద్దగా చేసే గుణం స్నేహం, అది నీళ్ళలో మాత్రమే ఉంటుంది అని ఉంటుంది. గోధుమపిండిలో నీళ్ళు పోసి కలిపితే ముద్ద అవుతుంది కదా, అదీ స్నేహం. మరి నూనెలో జిడ్డు సంగతేమిటి అని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. నూనెలో ఉన్నది కూడా అందులోని జలాంశానిదే అని సమర్థించుకున్నారు. ఆయుర్వేదంలో మాత్రం స్నేహం అంటే నెయ్యీ నూనే. వైద్యుడు స్నేహపానం చేయమన్నాడంటే ఫ్రెండ్స్‌తో కూర్చోమని కాదు. (నవ్వులు)

ఆ జాబితాలో చివరిది సంస్కారం. మనం వాడికి సంస్కారం లేదు అని తిడతాం. తర్కంలో విడిచిన బాణానికి కూడా సంస్కారం ఉంటుంది. ఎందుకంటే సంస్కారాలు మూడు. ఒకటి వేగం. రెండోది భావన, అనుభవం వల్ల ఆత్మలో నిలిచి తర్వాత జ్ఞాపకాన్ని పుట్టించేది. మూడోది స్థితిస్థాపకం, వంచిన కొమ్మను వదిలేస్తే మళ్ళీ మామూలు స్థితికి తెచ్చేది. ఈ మూడో పేరు మీకు ఎక్కడో విన్నట్టు అనిపించాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు భౌతికశాస్త్రంలో స్థితిస్థాపకత అన్న పాఠం చదివే ఉంటారు. గురుత్వాకర్షణలో ఉన్న గురుత్వం కూడా ఈ 24 గుణాల్లో ఒకటే. వస్తువు కింద పడటం మొదలవడానికి కారణమైన గుణం అని దాని లక్షణం. పడటం మొదలయ్యాక మిగిలిన పని వేగానిది అని కూడా చెప్పారు. తెలుగు సైన్సు పుస్తకాలకి మాటలు కూర్చినవాళ్ళ బీరువాలో తర్కసంగ్రహం ఉండే ఉంటుందని నా ఊహ.

ఇంకో చిక్కు చెప్పి ముందుకు వెళతాను. ఒకే మాటకి ఒక్కో దర్శనంలో ఒక్కో అర్థం. ఇప్పుడు చెప్పిన గుణం వస్తువుని ఆశ్రయించుకుని ఉండేది. సాంఖ్యుల సత్త్వ రజస్ తమో గుణాలు అలాంటివి కావు. జగత్తుకి మూలమని వాళ్ళు చెప్పే ప్రకృతి అంటేనే ఆ మూడూ, వాటిని తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. బుద్ధి కూడా అంతే. అన్నంభట్టుకి బుద్ధి అంటే జ్ఞానం, ఆత్మకి ఉండే ఒక గుణం. సాంఖ్యంలో బుద్ధి ప్రకృతి నుంచి పుట్టే మొదటి తత్త్వం, ఆత్మతో సంబంధం లేని జడం. ఈ తేడా తెలియకుండా భగవద్గీత వ్యాఖ్యానాలు చదివితే ఎవరు ఎవరిని ఖండిస్తున్నారో అర్థం కాదు.

సరే, అనుమానం దగ్గరికి వద్దాం. అనుమానం పెనుభూతం అని మన సామెత. పత్రికల్లో అనుమానాస్పద మృతి. తర్కంలో అనుమానం ఒక ప్రమాణం, అంటే నమ్మదగిన జ్ఞానం ఇచ్చే సాధనం. కొండ మీద పొగ కనిపిస్తోంది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటింట్లో చూసి తెలుసుకున్నాం, ఆ నియమం పేరు వ్యాప్తి. ఇందులో ఎక్కడా సందేహం లేదు. సరిగ్గా చెప్పాలంటే సందేహం అనుమానానికి ముందు ఉంటుంది, అనుమానం వచ్చాక పోతుంది. మన వాడుకలో మాత్రం అనుమానం వచ్చాకే మనశ్శాంతి పోతుంది. హిందీలో అనుమాన్ అంటే అంచనా. వాళ్ళు అసలు అర్థానికి కొంత దగ్గరగా ఉండిపోయారు. మనం ఊహ దగ్గర బయలుదేరి, చెడ్డ ఊహ దాకా వెళ్ళి, అక్కడ స్థిరపడ్డాం.

ఈ ఉదాహరణలో కొండని పక్షం అంటారు. నిప్పు ఉందని ముందే తెలిసిన వంటిల్లు సపక్షం. నిప్పు ఉండదని తెలిసిన చెరువు విపక్షం. అసెంబ్లీలో విపక్షం వాకౌట్ చేసింది అన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఆ చెరువే కళ్ళ ముందు కనబడుతుంది, ఏం చెయ్యను. (నవ్వులు)

ఉపాధి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి. మనకి ఉపాధి అంటే పని, బతుకుతెరువు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఇప్పటికీ ఊళ్ళలో ఉపాధి పనికి వెళుతున్నాం అంటారు. తర్కంలో ఉపాధి అంటే వాదనలో దాక్కున్న ఒక లోపం. పొగ ఉంటే నిప్పు ఉంటుంది సరే, దాన్ని తిప్పి, నిప్పు ఉంటే పొగ ఉంటుంది అన్నారనుకోండి. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. మరి కట్టెల పొయ్యిలో పొగ ఎందుకు వచ్చింది? కట్టెల్లో తడి ఉంది కాబట్టి. అంటే ఆ నియమం తడి కట్టె అనే షరతు మీద నిలబడింది, ఆ షరతుని వాదించేవాడు చెప్పలేదు. ఆ చెప్పని షరతే ఉపాధి. ఈ ఒక్క భావన వంటబట్టినా మనం రోజూ వినే సగం వాదనల్లో తడి కట్టె ఎక్కడుందో పట్టుకోవచ్చు.

అద్వైతులు ఇదే మాటని తీసుకుని ఇంకో పని చేయించారు. తెల్లని స్ఫటికం పక్కన ఎర్ర మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. స్ఫటికం మారలేదు. పక్కన ఉండి తన రంగు అంటించిన మందారం ఉపాధి. కుండలో ఆకాశం చిన్నదిగా అనిపించడానికి కుండ ఉపాధి. అలాగే ఒకే చైతన్యం మీరుగా, నేనుగా వేరువేరుగా అనిపించడానికి శరీరం, మనసు ఉపాధులు. మన పెద్దవాళ్ళు వేదాంత ధోరణిలో ఈ ఉపాధి ఎన్నాళ్ళుంటుందో అంటే శరీరం గురించే. చదువుకున్న కుర్రాడు అది విని తాతగారికి ఉద్యోగం ఏమిటి అనుకుంటాడు.

అసలు శరీరం నుంచి ఉద్యోగానికి ఈ మాట ఎలా వచ్చింది అని అడుగుతారు. అలా వరసగా వచ్చిందని నేను అనుకోను. అమరకోశంలో కుటుంబ పోషణలో మునిగి ఉన్నవాడికి ఉపాధి అన్న పేరు చెప్పారు. మన బతుకుతెరువు అర్థానికి ఆ వైపు చుట్టరికం ఎక్కువని నాకు అనిపిస్తుంది. హిందీలో ఇదే మాటకి డిగ్రీ, బిరుదు అని అర్థం. అక్కడి విద్యార్థి ఆత్మకి ఉపాధులు ఉంటాయి అని చదివితే పట్టాలు గుర్తొస్తాయి. ఎవరి తంటా వాళ్ళది.

ప్రమాణం సంగతి. మంత్రి పదవీ ప్రమాణం చేస్తాడు. దొంగతనం ఒప్పుకోనివాణ్ణి కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా అంటారు. ఈ వాసన వల్ల వేదం ప్రమాణం అన్న వాక్యం వినగానే, అది ఎదురు చెప్పకూడని ఆజ్ఞ అని మనసులో పడిపోతుంది. దర్శనాల్లో ప్రమాణం అంటే తెలుసుకునే సాధనం, అంతే. కన్ను రంగుకి ప్రమాణం, చెవి శబ్దానికి ప్రమాణం. ఎన్ని ప్రమాణాలు ఒప్పుకోవాలి అన్నదాని మీదే దర్శనాలు విడిపోయాయి. భౌతికవాదులైన చార్వాకులకి ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలతో తెలిసేది, ఒక్కటే. బౌద్ధులకి రెండు, సాంఖ్యులకి మూడు, న్యాయ దర్శనం వాళ్ళైన నైయాయికులకి నాలుగు, కుమారిల భట్టు దారిలో నడిచిన భాట్ట మీమాంసకులకీ అద్వైతులకీ ఆరు. ప్రతి సాధనానికీ తన హద్దు ఉంటుంది. శంకరాచార్యులు గీతాభాష్యం 18వ అధ్యాయంలో ఒక మాట అన్నారు. నిప్పు చల్లగా ఉంటుందని, వెలుగు ఇవ్వదని నూరు శ్రుతులు చెప్పినా అవి ప్రమాణం కావు అని. వేదాన్ని ఆయన కంటే గట్టిగా పట్టుకున్నవాళ్ళు ఎవరున్నారు? ఆయనే ఆ మాట అనగలిగారంటే ప్రమాణం అన్న పదం ఆయనకి ప్రతిజ్ఞ కాదు, ఆజ్ఞ కాదు.

ప్రతిజ్ఞ అన్నాను కాబట్టి దాన్నీ చూద్దాం. భారతదేశం నా మాతృభూమి అని బడిలో చేయి చాచి చెప్పిన ప్రతిజ్ఞ మనందరికీ కంఠతా వచ్చు. దాన్ని 1962లో విశాఖపట్నంలో తెలుగులో రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. మనకి ప్రతిజ్ఞ అంటే శపథం. తర్కంలో అయితే నిరూపించబోయే మాటని ముందు పెట్టడం. కొండ మీద నిప్పు ఉంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి, ఇది హేతువు. ఆ తర్వాత ఉదాహరణ, ఉపనయం, నిగమనం. మొత్తం ఐదు అవయవాలు, అంటే వాదనలో ఐదు భాగాలు.

ఇప్పుడు బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తని అనే తన గ్రంథంలో నాకు ప్రతిజ్ఞ లేదు అన్నాడు. శపథం అర్థంతో చదివితే ఎవరో నియమాలు వదిలేసిన మనిషిలా కనిపిస్తాడు. ఆయన చెప్పింది, నేను స్థాపించే సిద్ధాంతం అంటూ ఏదీ లేదు కాబట్టి నాలో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు అని. ఎదుటివాడు ఒప్పుకున్నవాటినే తీసుకుని, వాటి నుంచి వాడికే ఇష్టం లేని ఫలితం తేల్చి చూపించడం ఆయన పద్ధతి. ఆ పద్ధతి పేరే ప్రసంగం. ఆయన్ని అనుసరించిన చంద్రకీర్తి లాంటివాళ్ళకి ప్రాసంగికులు అని పేరు వచ్చింది. నేను ఇప్పుడు చేస్తున్నది ఆ ప్రసంగం కాదు, భయపడకండి. లక్షణం మరీ విశాలంగా చెప్పి అనవసరమైనవాటిని కూడా లోపలికి రానిస్తే అతిప్రసంగం అనే దోషం. మన ఇళ్ళలో పిల్లల్ని తిట్టే అధికప్రసంగం దానికి దగ్గరి చుట్టమే.

తన పక్షం చెప్పకుండా ఎదుటివాడి పక్షాన్ని మాత్రం పడగొట్టే వాదానికి న్యాయ దర్శనానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల్లో వితండ అని పేరు. మనం వితండవాదం అని తిట్టేది మొండివాదనని. న్యాయసూత్రాలు చెప్పేది ఒక రకం చర్చని, దానికి నియమాలు కూడా ఉన్నాయి. నాగార్జునుణ్ణి వైతండికుడు అన్నవాళ్ళు ఉన్నారు. ఆ మాటకి తెలుగు అర్థం చెప్పుకుని ఆయన్ని తక్కువ చేయడం అన్యాయం. టీవీ చర్చల్లో జరిగేదాన్ని వితండ అనడం కూడా ఆ శాస్త్రానికి అవమానమే, అక్కడ ఎదుటివాడి పక్షం ఏమిటో కూడా ఎవరూ వినరు.

నాగార్జునుడే మూలమధ్యమక కారిక అనే గ్రంథం మొదట్లో ప్రతీత్యసముత్పాదాన్ని, అంటే ప్రతిదీ వేరేవాటి మీద ఆధారపడి పుడుతుందన్న బౌద్ధ సూత్రాన్ని, ప్రపంచోపశమం అన్నాడు. మాండూక్యోపనిషత్తు తురీయాన్ని, అంటే మెలకువ, కల, గాఢనిద్రలకి అతీతమైన నాలుగోదాన్ని, వర్ణిస్తూ అదే మాట వాడింది. ప్రపంచం అంటే మనకి భూగోళం, దేశాలు, ప్రపంచ కప్పు. దాన్ని ఉపశమింపజేయడం అంటే ప్రళయం అనుకుంటాం. సంస్కృతంలో ప్రపంచం అంటే విస్తరించడం, ఒకటి పలుగా పరుచుకోవడం. మాధ్యమికుల, అంటే నాగార్జునుడి దారివాళ్ళ, వాడుకలో అయితే మాటలతో, భేదాలతో మనసు అల్లుకుంటూ పోయే అల్లిక. అది ఆగడం ప్రపంచోపశమం. భూమికి ఏమీ కాదు.

అభిమానం గురించి ఎక్కువ చెప్పను, ఊళ్ళో ఫ్లెక్సీలు చూస్తున్నారు. సాంఖ్యకారికల్లో 24వ కారిక అహంకారానికి లక్షణం చెప్పింది, అభిమానమే అహంకారం అని. ఇది నేను, ఇది నాది అనుకోవడం అభిమానం. హీరో సినిమా ఆడకపోతే తనకే నష్టం వచ్చినట్టు కుర్రాడు ఏడుస్తాడు చూడండి, ఆ సందర్భంలో సాంఖ్యం అర్థం, సినిమా అర్థం రెండూ కలిసిపోతాయి.

అసలు గొడవంతా మిథ్య దగ్గర. బ్రహ్మ సత్యం, జగత్తు మిథ్య. మిథ్య అంటే అబద్ధం అని తెలుగులో స్థిరపడింది. జగత్తు అబద్ధమైతే నీకు ఆకలెందుకు వేస్తోంది అని అద్వైతిని ఎగతాళి చేయడం అక్కడి నుంచే వచ్చింది. అద్వైతులు మూడు రకాలు చెప్పారు. ఎప్పటికీ కొట్టివేయబడనిది సత్తు. ఎన్నడూ, ఎవరికీ కనిపించనిది అసత్తు. కనిపిస్తూ ఉండి, సరైన జ్ఞానం వచ్చాక నిలవనిది మిథ్య. తాడు మీద కనబడే పాము లాంటిది. అది అసత్తు అయితే భయం ఎలా పుట్టింది? సత్తు అయితే దీపం తేగానే ఎలా పోయింది?

మీకు ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి పద్యం గుర్తుందా? ఇసుకలోంచి నూనె తీయవచ్చు, ఎండమావిలో నీళ్ళు తాగవచ్చు, కుందేటి కొమ్ము సాధించవచ్చు, మూర్ఖుడి మనసు మాత్రం రంజింపజేయలేం అన్నది. కవికి ఎండమావి నీళ్ళూ కుందేటి కొమ్మూ ఒకే వరుస, రెండూ జరగని పనులే. అద్వైతి ఆ రెంటినీ విడదీస్తాడు. కుందేటి కొమ్ము ఎవరికీ కనబడదు, అది అసత్తు. ఎండమావిలో నీళ్ళు కనబడతాయి, దప్పికతో ఉన్నవాణ్ణి పరిగెత్తిస్తాయి, అవి మిథ్య. జగత్తుని ఆయన రెండో వరుసలో పెట్టాడు, మొదటి వరుసలో కాదు. అందులోనూ ఎండమావిని ప్రాతిభాసికం, అంటే కనబడినంతసేపే ఉండేది అని, జగత్తుని వ్యావహారికం, అంటే లోకవ్యవహారానికి పనికొచ్చేది అని మళ్ళీ మెట్లు వేశాడు. రామానుజులు, మధ్వాచార్యులు ఈ మూడో వర్గాన్నే ఒప్పుకోలేదు. సత్తూ కాక, అసత్తూ కాక ఇంకొకటి ఉండటం కుదరదు అన్నారు. నన్ను అడిగితే అది గట్టి దెబ్బే. కానీ వాళ్ళు కొట్టింది అబద్ధం అనే అర్థాన్ని కాదు, ఈ మూడో వర్గాన్ని. మనం మాత్రం ఇప్పటికీ వాళ్ళు కొట్టని చోట కొడుతున్నాం.

సమయం అయిపోతోంది, ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలోంచి ఒకరు: మరి మన తెలుగు వాడుక తప్పంటారా? అనుమానాన్ని సందేహం అర్థంలో వాడకూడదా?)

తప్పేమీ లేదండీ. మాట ఏ భాషలోకి వస్తే ఆ భాషదే. మా ఆవిడకి నా మీద అనుమానం అన్నవాడి దగ్గరికి వెళ్ళి, వ్యాప్తి ఏమిటి, హేతువు ఏమిటి అని అడిగితే మనకే మంచిది కాదు. (నవ్వులు) గ్రంథం చదివేటప్పుడు మాత్రం గ్రంథం అర్థం పట్టుకోండి. అందులోనూ ఏ దర్శనం వాళ్ళు రాశారో ముందు చూసుకోండి.

(ఇంకొకరు: మొదలుపెట్టడానికి ఏ పుస్తకం మంచిది?)

తర్కసంగ్రహం, దానికి అన్నంభట్టే రాసుకున్న దీపిక వ్యాఖ్యతో కలిపి. మూలం కొద్ది పేజీలే. వేదాంతం వైపు ఆసక్తి ఉంటే తర్వాత ధర్మరాజాధ్వరీంద్రుడి వేదాంత పరిభాష పట్టుకోండి, ప్రమాణాల లెక్క అంతా అందులో వరసగా ఉంటుంది. రెండూ ఒంటరిగా చదవద్దు. ఇద్దరు ముగ్గురు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు అడ్డుపడుతూ ఉండాలి. తెలిసిన మాట వచ్చినప్పుడే ఎక్కువ అడ్డుపడండి.